కుస్తీ: చంపడంలోంచి పుట్టిన మాటా, నడికట్టులోంచి పుట్టిన మాటా?

నుడితోట:
కుస్తీ పారసీ (పర్షియన్ భాష) నుంచి వచ్చిందనే దాకా ఎవరికీ పేచీ లేదు. తగువంతా ఆ పైనే. ‘పారసీలో కుష్తన్ అంటే చంపడం, కాబట్టి కుస్తీ అంటే చచ్చేదాకా సాగే పోరు’ అని ఈ మధ్య చాలాచోట్ల రాస్తున్నారు. ‘కాదు, పార్సీలు నడుముకు కట్టుకునే పవిత్రమైన దారం పేరు కుస్తీ, మాట అక్కడిది’ అనేవాళ్లు ఇంకో పక్క. మూడో వర్గం దీనికి సంస్కృత మూలం వెతుకుతోంది.

సంస్కృతం సంగతి ముందే తేల్చేద్దాం. అమరకోశం బాహుయుద్ధానికి ఇచ్చిన పేరు నియుద్ధం. పురాణాల్లో మల్లయుద్ధం. కల్యాణి చాళుక్యుడు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసంలో మల్లుల పోటీల గురించి ఒక అధ్యాయమే పెట్టి, దానికి మల్లవినోదం అని పేరు పెట్టాడు. అందులో మేటి మల్లుడికి వాడిన మాట జ్యేష్ఠిక. మన జెట్టి, జగజెట్టి దాని ప్రాకృత రూపం నుంచి వచ్చినవే. అంటే ఆట ఇక్కడిదే, పేర్లూ ఇక్కడివి ఉన్నాయి. కుస్తీ అన్న పేరు మాత్రం బయటి నుంచి వచ్చి వాటిమీద కూర్చుంది.

మిగిలినవి రెండు వాదాలు. ఏది నిలుస్తుందో ఆధారాలతో చెప్పండి. గోదా, వస్తాదు, చిత్తు కూడా చర్చలోకి వస్తే మంచిదే.

బరిగీత:
చంపడం అన్న వాదాన్ని తేలిగ్గా తీసేయకండి. యునానీ వైద్యంలో కుష్తా అనే మందు రకం ఉంది. లోహాన్ని పుటం పెట్టి చేసిన భస్మం అది. లోహాన్ని ‘చంపారు’ కాబట్టి కుష్తా. ఇది కచ్చితంగా కుష్తన్ ధాతువే. కుష్తా అంటే చంపినది అయినప్పుడు కుష్తీ అంటే చంపులాట ఎందుకు కాకూడదు?

అర్థం వైపు నుంచి చూసినా కుదురుతుంది. మన పురాణాల్లో మల్లయుద్ధం మొదలైతే ఎవరో ఒకరు చావాల్సిందే. చాణూరుడు, ముష్టికుడు, జరాసంధుడు, విరాటుడి కొలువులో భీముడి చేతిలో పోయిన జీమూతుడు. పాత కాలంలో పోరంటే అదే.

పారసీబడి:
బరిగీత గారూ, కుష్తా మంచి ఉదాహరణే. కానీ దాన్ని చివరిదాకా లాగితే మీ వాదమే తెగిపోతుంది. ఎలాగో చూడండి.

కుష్తన్ క్రియ. దాని భూతకాలపు అంగం కుష్త్. దీనికి చివర ‘ఆ’ చేరితే (ఇరాన్‌లో ‘ఏ’ అంటారు) కుష్తా, అంటే చంపబడినది. ఇలా ‘ఆ’తో ముగిసిన మాటను భావనామం చేయాలంటే పారసీలో ‘గీ’ చేరుతుంది. జిందా నుంచి జిందగీ, బందా నుంచి బందగీ, తాజా నుంచి తాజగీ. ఆ లెక్కన కుష్తా నుంచి రావలసింది కుష్తగీ. కుష్తీ రాదు.

ఇక చంపడం నుంచి పారసీలో నిజంగా పుట్టిన మాటలు: మారణకాండకు కుష్తార్, చంపదగినవాడికి కుష్తనీ. కుష్త్ అంగానికి నేరుగా ‘ఈ’ తగిలిస్తే కుష్తీ అన్న రూపం వచ్చే మాట నిజమే. దాని అర్థం ‘నువ్వు చంపావు’. అది పూర్తి క్రియాపదం, ఆట పేరు కాదు.

ఇప్పుడు రెండో దారి. ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానీయుల కాలపు పారసీలో, అంటే పహ్లవీలో, కుస్త్ అంటే పక్క, వైపు, దిక్కు. వాళ్ల సామ్రాజ్యాన్ని నాలుగు దిక్కులుగా విభజించినప్పుడు ఒక్కో భాగాన్ని కుస్త్ అనే పిలిచారు. తూర్పు భాగం కుస్త్-ఇ-ఖ్వరాసాన్. మనిషి ఒంటి విషయంలో కుస్త్ అంటే పక్కలు, నడుము భాగం. దానికి ‘సంబంధించిన’ అనే అర్థమిచ్చే ఈగ్ ప్రత్యయం చేరితే కుస్తీగ్: నడుము చుట్టూ కట్టేది, మన మాటల్లో నడికట్టు లేదా దట్టీ. పహ్లవీ ఈగ్ కొత్త పారసీకి వచ్చేసరికి చివరి గకారం పోగొట్టుకుంటుంది. పార్సీగ్ పార్సీ అయింది అలాగే. కుస్తీగ్ కుస్తీ అయింది కూడా అదే నియమంతో.

ఇన్నాళ్లూ ఈ గందరగోళం ఎందుకు సాగిందంటే లిపి వల్ల. పారసీ రాతలో హ్రస్వాచ్చులు రాయరు. కాఫ్, షీన్, తే, యే అని నాలుగక్షరాలు రాసి వదిలేస్తారు. దాన్నే కష్తీ అని చదివితే పడవ, కుష్తీ అని చదివితే మల్లయుద్ధం, అదే కుష్తీకి సందర్భం మారితే ‘నువ్వు చంపావు’. చూపుకు మూడూ ఒకటే. చూపుకు ఒకటైనవి పుట్టుకకూ ఒకటే అనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

ఇంకో మాట. పాత పారసీ నిఘంటువుల్లో కుస్తీ, కుష్తీ రూపాలకు మల్లయుద్ధం అనే అర్థంతో పాటు నడుముకు కట్టే తాడు అనే అర్థం కూడా ఇస్తారు. అలాంటి నిఘంటువుల్లో పేరుమోసిన బుర్హాన్-ఇ-ఖాతి తయారైంది 17వ శతాబ్దం నడుమ మన గోల్కొండలోనే, అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో, ఆయనకే అంకితంగా. ఈ చర్చ మనకు పరాయిది కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

బరిగీత:
గీ నియమం ఒప్పుకుంటాను. అయితే ఆష్తీ సంగతేమిటి? రాజీ, సంధి అని అర్థం. అది కూడా షకారం, తకారం, ఈకారంతో ముగిసిన నామమే కదా. ఆష్తీ వచ్చినట్టు కుష్తీ ఎందుకు రాకూడదు?

పారసీబడి:
ఆష్తీకి పహ్లవీ రూపం ఆష్తీహ్. అందులో ఆష్త్ విశేషణం: శాంతంగా ఉన్న, రాజీపడిన. విశేషణం మీద ఈహ్ చేర్చి భావనామం చేయడం పహ్లవీలో మామూలు. కుష్త్ విశేషణం కాదు. విశేషణం కావాలంటే ముందు కుష్తా కావాలి, అప్పుడు మళ్లీ గీ నియమం దగ్గరకే వస్తాం.

నుడితోట:
అయితే పార్సీల పవిత్ర దారం నుంచే ఆట పేరు వచ్చిందని తేల్చేద్దామా? ‘ధర్మయుద్ధానికి నడుం కట్టడమే కుస్తీ’ అని వివరించిన వ్యాసాలు కూడా ఉన్నాయి.

పారసీబడి:
అలా తేల్చకూడదు. ఇక్కడే చాలామంది కాలు జారుతున్నారు. ఆ దారం ఎలా ఉంటుందో చూస్తే విషయం తెలిసిపోతుంది.

పార్సీల కుస్తీ గొర్రె ఉన్నితో నేసిన సన్నని తాడు. అందులో 72 పోగులుంటాయి, వాళ్ల ప్రార్థనా గ్రంథం యస్నలోని 72 అధ్యాయాలకు గుర్తుగా. నేసేటప్పుడు వాటిని ఆరు పాయలుగా, పాయకు 12 పోగులుగా విడదీస్తారు. గొట్టంలా బోలుగా నేసి, తర్వాత లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేస్తారు. ఒక్కో కొసన మూడేసి కుచ్చులు, కుచ్చుకు 24 పోగులు. సుద్రా అనే తెల్లని పలచని చొక్కా మీద నడుముకు మూడు చుట్లు చుట్టి, ముందూ వెనకా ముడులు వేసి, ప్రార్థన చదువుతూ కడతారు. సికింద్రాబాదులో పార్సీల అగ్యారీలు (అగ్ని ఆలయాలు) 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, ఆ కుటుంబాల్లో పిల్లలకు నవజోత్ (మతంలోకి చేర్చుకునే వేడుక) చేసేటప్పుడు కట్టేది ఇదే.

ఇంత సున్నితమైన దారాన్ని పట్టుకుని ఎదుటివాడిని ఎత్తి వేయడం అయ్యే పని కాదు, అది అపచారం కూడా. పైగా వాళ్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో ఈ దారానికి ఉన్న పేరు వేరు, ఐవ్యాంఘన. అంటే కుస్తీగ్ అన్నది మొదట నడికట్టుకు మామూలు పేరు. దాన్ని మతం ఒకపక్క తన దారానికి పెట్టుకుంది, మల్లులు ఇంకోపక్క తమ ఆటకు పెట్టుకున్నారు. ఒకే తల్లి పిల్లలు ఇద్దరు. ఒకరికి ఒకరు తల్లి కారు.

తాలీంమట్టి:
మాటల లెక్క బాగుంది. ఆట లెక్క కూడా కుదరాలి కదా. మన తాలీంఖానాల్లో, అంటే కుస్తీ నేర్పే చోట్ల, పహిల్వాన్ ఒంటిమీద లంగోటా, జాంగ్యా తప్ప మరేమీ ఉండదు. ఎదుటివాడు పట్టుకోవడానికని విడిగా కట్టే దట్టీ లేదు. పట్టేది మెడ, మణికట్టు, జబ్బ, నడుము, కాలు. ధోబీపఛాడ్ తీసుకోండి: ఎదుటివాడి చేతిని రెండు చేతులతో బిగించి, గిర్రున తిరిగి వాడి కిందకు దూరి, చాకలి బండమీద బట్ట వేసినట్టు భుజం మీదుగా తెచ్చి పడేస్తారు. నడుము తిప్పుడు ఆలస్యమైతే ఎదుటివాడి బరువు వీపుమీదే ఆగిపోతుంది, వాడు వెనక నుంచి నడుం చుట్టేస్తాడు, వేసినవాడే కింద పడతాడు. ఇందులో నడికట్టు పని ఎక్కడుంది? ఆటలో లేని వస్తువు ఆటకు పేరెలా అయింది?

పారసీబడి:
న్యాయమైన ప్రశ్న. పేరు పుట్టిన చోట ఆట ఎలా ఉందో చూడాలి. ఇరాన్ ఈశాన్యాన ఖొరాసాన్‌లో ఇప్పటికీ ఆడే పాత పద్ధతి కుష్తీకి కుష్తీ-బా-చూఖే అని పేరు. చూఖే అంటే ముతక ఉన్ని అంగీ. దానిమీద నడుముకు గుడ్డ బిగించి కడతారు. పట్టంతా ఆ అంగీ మీద, ఆ నడికట్టు మీదే. ఆ పక్కనే ఉజ్బెకుల్లో ఒక రకానికి బెల్‌బోగ్లీ కురాష్ అనే పేరుంది. బెల్ అంటే నడుము, బోగ్ అంటే కట్టు: నడికట్టు కుస్తీ అని నేరుగా పేరులోనే చెప్పేశారు. కురాష్ వేరే ధాతువు, తుర్కీ మాట. కానీ ఆటకు నడికట్టును బట్టి పేరు పెట్టడం ఆ ప్రాంతంలో వింతేమీ కాదని చూపడానికి సరిపోతుంది. ఫిరదౌసి షానామాలో రుస్తుం, సొహ్రాబ్ తలపడినప్పుడు కూడా ఇద్దరూ పట్టేది ఒకరి నడుము పట్టీని ఒకరు.

అసలు ఆధారం క్రియలో ఉంది. పారసీలో ఈ ఆట ఆడడాన్ని ‘కుష్తీ గిరిఫ్తన్’ అంటారు. గిరిఫ్తన్ అంటే పట్టుకోవడం. ‘చంపడాన్ని పట్టుకోవడం’ అంటే అర్థమే లేదు. ‘నడికట్టు పట్టుకోవడం’ అంటే ఆట కళ్లకు కడుతుంది. మాట మన దేశం వచ్చాక నడికట్టు జారిపోయింది, పేరు మిగిలింది. ఇక్కడ అప్పటికే ఉన్న మల్లవిద్యకు, లంగోటా మల్లులకు ఆ పేరు అతుక్కుంది.

నుడితోట:
గిరిఫ్తన్ అనగానే వెలిగింది. మనం ‘కుస్తీ పట్టు’ అంటాం. ‘లెక్కలతో కుస్తీ పడుతున్నాడు’, ‘రాత్రంతా ఆ బండితో కుస్తీ పట్టాం’. ఉర్దూలో మామూలుగా వినపడేది ‘కుష్తీ లడ్నా’, అంటే పోరాడడం. పారసీ ‘పట్టుకోవడం’ తెలుగులో నిలిచిపోయిందన్నమాట. ఇది గోల్కొండ కాలంలో పారసీ పలుకుబడిని యథాతథంగా తెలుగు చేసుకున్న గుర్తు కాదా?

సంధికాలం:
నుడితోట గారూ, కాస్త ఆగండి. పట్టు తెలుగులో మల్లవిద్యకు సొంత మాట. ఉడుంపట్టు, పట్టు బిగించు, పట్టు తప్పించు, పట్టు వదులు. కుస్తీపట్లు అని బహువచనం కూడా నామంగానే వాడతాం. కుస్తీ అన్న పరాయి మాట రాగానే దాని పక్కన నిలబడడానికి తెలుగులో సిద్ధంగా ఉన్న క్రియ పట్టు ఒక్కటే. పారసీని చూసి రాసుకోవలసిన పని లేదు. రెండు భాషల వాళ్లూ ఒకే ఆటను చూసి ఒకే క్రియ ఎంచుకున్నారు, అంతే. దీన్ని అనువాదానికి సాక్ష్యంగా నిలబెడితే, రేపు ఎవరో ఒకరు తీసి అవతల పారేస్తారు. దాంతో పాటు మిగతా మంచి వాదన కూడా చెడుతుంది.

నుడితోట:
ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

బరిగీత:
నేనూ చంపడం వదిలేశాను. గిరిఫ్తన్ దగ్గర ఇక నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక కొత్త సంగతి. పహ్లవీలో కుస్తీగ్, సకారం. తెలుగులో కుస్తీ, సకారం. హిందీ, ఉర్దూల్లో కుష్తీ. అంటే ఉత్తరాది వాళ్లు మార్చేసుకున్న పాత సకారాన్ని తెలుగు కాపాడిందనుకోవచ్చా? పడమటి తీరంలో పార్సీలు ఉన్నారు, వాళ్ల నోట కుస్తీయే. అక్కడి నుంచి నేరుగా వచ్చి ఉండవచ్చు.

సంధికాలం:
వినడానికి చాలా బాగుంటుంది కాబట్టే దీన్ని గట్టిగా పరీక్షించాలి.

ముందు మన వర్ణాల జంటలు చూడండి. తెలుగులో షకారం కింద వచ్చేది టవర్గం: కష్టం, ఇష్టం, నష్టం, ముష్టి. దంత్య తకారం పైన వచ్చేది సకారం: పుస్తకం, హస్తం, వస్తువు. షకారం కింద దంత్య తకారం ఉన్న జంట మనకు పుట్టుకతో లేదు. పారసీ నుంచి అలాంటి జంటతో మాట వస్తే నాలుక దాన్ని రెండిట్లో ఒకదాని వైపు తోయాలి. ఏ వైపు తోసిందో తెలుసుకోవడానికి కుస్తీని పక్కనపెట్టి వేరే మాటలు చూడాలి.

పారసీ గష్త్, తిరగడం. తెలుగులో గస్తీ. పోలీసు గస్తీ, రాత్రి గస్తీ.
పారసీ నాష్తా. తెలంగాణలో పొద్దున తినేది నాస్తా.

ఈ రెంటికీ పారసీలో ఉన్నది షకారమే. వీటికి సకారం తెలుగు నోట పుట్టింది. కుష్తీ కుస్తీ కావడానికీ ఇదే చాలు. పైగా అసలే సకారంతో వచ్చిన దోస్తీ, సుస్తీ, దస్తీ, బందోబస్తు లాంటివి గుంపుగా ఉన్నాయి. కొత్త మాట ఆ గుంపులో కలిసిపోయింది. మామూలు నియమంతో వివరణ దొరుకుతున్నప్పుడు పార్సీల దారి వెతకడం అనవసరం.

మరాఠీలో కుస్తీ, కన్నడంలో కుస్తి, తమిళంలో గుస్తి అనీ కుస్తి అనీ. మరాఠీలో గష్త్ కూడా గస్త్ అయింది. కాబట్టి సకారం ఒక్క తెలుగు సొత్తు కాదు, దక్కన్ అంతటా ఉన్నదే.

పారసీబడి:
దీనికి ఒక చిన్న చేర్పు. పారసీలోనే పహ్లవీ సకారం షకారం ఎందుకు అయిందని అడగవచ్చు. నా ఉద్దేశంలో దానికి కారణం ఈ చర్చ మొదట్లో వచ్చిన కుష్తనే. పక్కనే అంత బలమైన, రోజూ వాడే క్రియ ఉంటే కుస్తీ దాని వైపు ఒరిగింది. చంపడం మాటకు పుట్టుక ఇవ్వలేదు, ఉచ్చారణ ఇచ్చింది. బరిగీత గారు విన్నదాంట్లో ఆ మేరకు నిజం ఉంది.

తాలీంమట్టి:
దక్కన్ దారి నిజమే అనడానికి తాలీంఖానా మాటలే సాక్ష్యం. గురువును మనం వస్తాదు అంటాం. పారసీలో అది ఉస్తాద్. మరాఠీ తాలీముల్లో వస్తాద్. తెలుగులో ఉకారం ముందు వకారం పలకడం అలవాటే, ఉండు వుండు అయినట్టు. కానీ ఉకారం పోయి అకారం రావడం ఆ అలవాటుతో తేలదు. వస్తాదు రూపం మరాఠీకీ మనకూ ఉమ్మడిగా ఉందంటే పహిల్వాన్లు అటూ ఇటూ తిరిగిన దారినే మాట కూడా తిరిగింది. తాలీం కూడా అంతే: అరబ్బీలో చదువు, శిక్షణ. కొల్హాపూర్‌లోనూ హైదరాబాద్‌లోనూ తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు.

ఇక చిత్తు. ‘చిత్తుగా ఓడించారు’ అని ఎన్నికల వార్తల్లో రాస్తున్న మాట గోదా తీర్పు నుంచి వచ్చింది. హిందీలో చిత్ అంటే వెల్లకిలా. రెండు భుజాలూ ఒకేసారి నేలకు ఆనితే చిత్, ఆట అయిపోయినట్టే. ఒక భుజం ఆని రెండోది లేచి ఉంటే కాదు. బోర్లా పడితే అసలే కాదు. నిజానికి పట్టు తప్పించుకోవడానికి పహిల్వాన్ కావాలనే బోర్లా పడి, మోచేతులు ఒంటికి దగ్గర చేసి నేలకు కరుచుకుంటాడు. పైనున్నవాడు వాణ్ని తిరగేయాలి. నిమిషాల తరబడి ఆట అక్కడే ఆగిపోవచ్చు.

అందుకే ‘మట్టి కరిపించాడు’ అన్న నానుడిని కుస్తీలోంచి వచ్చిందనేవాళ్లతో నాకు కుదరదు. మట్టి కరవాలంటే మొహం నేలకు ఉండాలి. కుస్తీలో అది ఓటమి కాదు. ఓడినవాడికి మట్టి అంటేది వీపుకు. మట్టి కరవడం యుద్ధంలో నేలకూలినవాడిది. రెండు నానుడులూ రెండు రకాల పడిపోవడాల నుంచి వచ్చాయి.

బరిగీత:
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. సరే, గోదా? సంస్కృతం గోధా నుంచి అంటారు కొందరు. అల్లెతాటి దెబ్బ తగలకుండా విలుకాడు చేతికి కట్టే తోలు గోధ. ఉడుముకూ అదే పేరు. ఉడుంపట్టు మల్లవిద్యలో ఉండనే ఉంది.

సంధికాలం:
గోదాకు ఉన్న చివరి దీర్ఘం చూడండి. సంస్కృతంలో ఆకారంతో ముగిసే మాట తెలుగులోకి వస్తే చివర హ్రస్వం అవుతుంది: మాలా మాల, శాలా శాల, గోధా గోధ. చివర దీర్ఘం నిలిచిందంటే సాధారణంగా ఉర్దూ దారిన వచ్చిన మాట: రస్తా, దగా, మజా, తమాషా, నాస్తా. గోదా ఆ వరసలోది. పైగా తోలు కట్టుగానీ ఉడుముగానీ నేల ఎలా అయిందో చెప్పే మెట్టు ఒక్కటీ లేదు.

దీన్ని బరితో పోల్చండి. బరి అచ్చమైన తెలుగు. గీసిన గీత, హద్దు. బరితెగించడం అంటే ఆ హద్దు దాటేయడం. కోడిపందెం బరి గీతతో ఏర్పడుతుంది. గోదా గీతతో కాదు, తవ్వకంతో ఏర్పడుతుంది. కాబట్టి మూలం తవ్వడం, గుంట అనే వైపు వెతకాలి.

పారసీబడి:
నాది గౌద్. ఇరాన్‌లో జూర్‌ఖానా, అంటే బలం ఇల్లు, నడుమ ఎనిమిది మూలల గుంట ఉంటుంది. దాని పేరే గౌద్. మనిషి నడుములోతు దాకా దిగి ఉంటుంది. పాత రోజుల్లో అడుగున కంప పరిచి, దానిమీద బూడిద, పైన మెత్తని మట్టి వేసి నీళ్లు చిలకరించేవారు. ఈ పహ్లవానీ, జూర్‌ఖానా ఆచారాలను 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అర్థం అచ్చంగా సరిపోయింది, దకారం దంత్యమే. ‘గోదాలోకి దిగాడు’ అంటాం. దిగడం గుంటలోకే కదా.

తాలీంమట్టి:
నా ఓటు హిందీ గోడ్నాకు. పారతో నేల తవ్వి గుల్ల చేయడం. అఖాడాలో (ఉత్తరాది కుస్తీ స్థలం) రోజూ చేసే మొదటి పని అది. గోదా ఎలా తయారవుతుందో చెబితే ఎందుకో తెలుస్తుంది.

15 నుంచి 20 అడుగుల చదరం నేల తీసుకుని అడుగు, అడుగున్నర లోతు తవ్వుతారు. రాళ్లు, వేళ్లు ఏరి, ఎర్రమట్టిని జల్లెడ పట్టి నింపుతారు. అందులో మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె లేదా ఆవనూనె, నిమ్మరసం, వేపాకు కలుపుతారు. పసుపూ వేపా గీరుకుపోయిన చర్మానికి చీము పట్టకుండా. నూనె, మజ్జిగ మట్టి దుమ్ములా లేవకుండా. ఇదంతా ఒకసారి చేస్తే చాలదు. రోజూ ఆటకు ముందు పారతో తిరగేసి, ఎగుడుదిగుడు లేకుండా చదును చేసి, తడి చూడాలి. గుప్పెట పడితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. తడి ఎక్కువైతే పాదం ఇరుక్కుని ఒళ్లు తిరుగుతుంది, మోకాలు మెలిక పడుతుంది. తడి తక్కువైతే దుమ్ము కళ్లలో పడుతుంది, మోచేతులు చెక్కుకుపోతాయి. రెండు రోజులు తిరగేయకపోతే నేల గట్టిపడి, ఎత్తి వేసినప్పుడు జత్రువు (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) విరుగుతుంది. పార ఆగిన రోజు గోదా లేనట్టే. అందుకే తవ్వే క్రియే దానికి పేరైందంటాను.

సంధికాలం:
అర్థానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. కానీ గోడ్నాలోది మూర్ధన్యం, అంటే నాలుక పైకి మడిచి పలికే డకారం. హిందీలో ఆ డకారం తెలుగులోకి డకారంగానే వస్తుంది, పకోడా చూడండి. గోడ్నా నుంచి వస్తే గోడా కావాలి, గోదా కాదు. దంత్యంతో గోద్నా హిందీలో వేరే ఉంది, అది పచ్చబొట్టు పొడవడం.

గౌద్‌కూ రెండు అడ్డంకులున్నాయి. హల్లుతో ముగిసే ఉర్దూ మాటకు తెలుగు ఉకారం చేరుస్తుంది: జోర్ జోరు, బజార్ బజారు, ఫౌజ్ ఫౌజు. గౌద్ వస్తే గౌదు కావాలి. రెండోది, ఫౌజులో, దౌడులో ఔకారం చెక్కుచెదరలేదు. గౌద్‌లో మాత్రం ఓకారం ఎందుకవుతుంది?

నేను ముందుకు తెస్తున్నది ఖోద్నా. తవ్వడమే అర్థం. దకారం దంత్యం. ఖోదా అంటే తవ్విన, చివర దీర్ఘం సిద్ధంగా ఉంది. తాలీంమట్టి గారు చెప్పిన పార పని అంతా దీనికీ వర్తిస్తుంది.

పారసీబడి:
ఖకారం గకారం అవుతుందా? మనం ఖర్చును కర్చు అన్నాం, ఖాళీని కాళీ అన్నాం, ఖైదును కైదు అన్నాం. ఒక్కచోటా గకారం రాలేదు. మీ పరీక్షే మీకు పెడుతున్నాను.

సంధికాలం:
పెట్టాల్సిందే. తెలుగులోకి నేరుగా వచ్చి ఉంటే ఖోదా కోదా కావాలి, అందులో సందేహం లేదు. అందుకే తమిళం వైపు చూస్తున్నాను. ఆర్కాటు నవాబుల కాలంలో ఉర్దూ అక్కడా గట్టిగా ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ మూడింటికీ ఒక్కటే అక్షరం. ఖోదాను రాస్తే కోదా అనీ చదవచ్చు, గోదా అనీ చదవచ్చు. మీరు పైన చూసిన గుస్తి, కుస్తి అదే తికమక: పారసీ కకారాన్ని తమిళ నోరు గకారం చేసింది. తమిళంలో గోదా ఉంది, మలయాళంలో గోద ఉంది. ఉత్తరాది అఖాడాను మాత్రం అఖాడా అనే అంటారు, సంస్కృత అక్షవాటం నుంచి వచ్చిన మాట. గోదా దక్షిణాన బలంగా ఉండడం నా వాదానికి బలం.

పారసీబడి:
గుస్తిని పట్టుకోవడం బాగుంది. అదే మాటలో కకారం గకారమైన దాఖలా ఉంటే గోదాకు దారి దొరికినట్టే. అయితే ఒక్క షరతు: తెలుగు రాతల్లో కోదా రూపం గోదా కంటే ముందు కనబడితే మీ తమిళ దారి మూసుకుపోతుంది. 19వ శతాబ్దపు మద్రాసు తెలుగు పత్రికల్లో, కరపత్రాల్లో కుస్తీ పోటీల ప్రకటనలు దొరికినవాళ్లు ఆ ఒక్క అక్షరం చూసి ఇక్కడ పెట్టండి.